కారు ఇంజన్ ఆయిల్: తక్కువ ఖర్చులో సరైనది ఎంచుకోవడం ఎలా?

కారు కొనేటప్పుడు పది మందిని అడిగి, నాలుగు షోరూములు తిరిగే కుటుంబాలు కూడా ఇంజన్ ఆయిల్ దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒక మంచిది పోయండి భాయ్" అని మెకానిక్‌కు చెప్పి టీ తాగడానికి వెళ్ళిపోతుంటాయి. ఆయిల్ ఖర్చు ఏడాదికి రెండు మూడు వేల రూపాయలకు మించదు. కానీ అది తేడా వస్తే ఇంజన్ దింపాల్సి వస్తుంది. పిస్టన్ రింగులు, బేరింగులు, బోరు పని కలిపితే చిన్న కారుకైనా బిల్లు పదివేలల్లోకి వెళుతుంది. సెకండ్ హ్యాండ్‌లో లక్షన్నర పెట్టి కొన్న కారుకు ఆ ఖర్చు వస్తే చాలా ఇళ్ళలో కారు మూల పడుతుంది. అదే కారు క్యాబ్‌గా తిరుగుతుంటే ఇంటి సంపాదనే ఆగిపోతుంది.

అలాగని ఖరీదైన ఆయిల్ పోస్తేనే ఇంజన్ బాగుంటుందనుకోవడం కూడా సరికాదు. షాపులో లీటరు మూడు వందలదీ ఉంటుంది, తొమ్మిది వందలదీ ఉంటుంది. ఈ తేడాలో కొంత నిజంగా నాణ్యతది, కొంత ప్రకటనలది. ఏది ఎంతో తెలియాలంటే డబ్బా మీద రాసిన రెండు మూడు గుర్తులు చదవడం వస్తే చాలు.

డబ్బా కంటే ముందు మాన్యువల్

ప్రతి కారుతోపాటు ఒక చిన్న పుస్తకం వస్తుంది. చాలామంది దాన్ని డ్యాష్‌బోర్డు అరలో ఇన్సూరెన్స్ కాగితాల కింద పెట్టి మరిచిపోతారు. ఆ ఇంజన్‌కు ఏ గ్రేడు ఆయిల్ పోయాలి, ఎన్ని లీటర్లు పడుతుంది, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. సెకండ్ హ్యాండ్ కారుతో పుస్తకం రాకపోతే కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్ మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. కొన్ని కార్లలో ఆయిల్ పోసే మూత మీదే గ్రేడు అచ్చు వేసి ఉంటుంది. బానెట్ ఎత్తి చూస్తే కనబడుతుంది.

మాన్యువల్లో సాధారణంగా 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 లాంటి అంకెలు ఉంటాయి. ఇందులో డబ్ల్యూ అంటే చలికాలం. దాని ముందున్న అంకె చల్లటి ఇంజన్లో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. తర్వాతి అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనాన్ని చెబుతుంది. రెండో అంకె పెరిగేకొద్దీ వేడి మీద ఆయిల్ చిక్కగా ఉంటుంది.

మొదటి అంకె విషయంలో మన ప్రాంతానికి ఒక వెసులుబాటు ఉంది. 10డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 25 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 దగ్గర, 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. ఆదిలాబాద్‌లో ఎంత చలి పెట్టినా అంత దూరం పోదు. అంటే కారు స్టార్ట్ అవదేమో అన్న భయంతో 0డబ్ల్యూ ఆయిల్ కొనాల్సిన అవసరం తెలుగు రాష్ట్రాల్లో లేదు. అయితే మాన్యువల్లో అదే గ్రేడు రాసి ఉంటే దాన్ని వదలకూడదు. కొత్త ఇంజన్లలో భాగాల మధ్య ఖాళీలు, ఆయిల్ పంపు అన్నీ పలచటి ఆయిల్‌ను లెక్కలో పెట్టుకుని తయారుచేస్తారు. మారుతీ కొత్త పెట్రోల్ మోడళ్ళలో కొన్నింటికి 0డబ్ల్యూ-16 వరకు పలచటి ఆయిల్ చెబుతున్నారు. అలాంటి ఇంజన్లో "మన ఎండలకు చిక్కటిదే మంచిది" అని 20డబ్ల్యూ-50 పోస్తే మైలేజీ తగ్గుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పైభాగాలకు ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది. ఇంజన్ అరుగుదలలో ఎక్కువ భాగం ఆ సమయంలోనే జరుగుతుంది.

పాత మారుతీ 800, ఆమ్నీ కాలం నుంచి పనిచేస్తున్న ఉస్తాద్‌లు కొందరు అన్ని పెట్రోల్ కార్లకూ 20డబ్ల్యూ-40 సరిపోతుందంటారు. వాళ్ళ చేతి పనిలో లోపం ఉండదు, ఆ ఇంజన్లకు ఆ మాట నిజం కూడా. కానీ 2010 తర్వాత వచ్చిన ఇంజన్లకు అదే మాట వర్తించదు. చాలా మాన్యువళ్ళలో ఒకటికి రెండు మూడు గ్రేడ్లు ఇస్తారు. మొదటిది ఖరీదైనదైతే రెండోది తీసుకోవచ్చు. ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీయే ఇచ్చిన దారి అది, చాలామంది చూడరు.

ఏపీఐ అక్షరాలు: అసలు నాణ్యత ఇక్కడే

గ్రేడు చిక్కదనం గురించి మాత్రమే చెబుతుంది. నాణ్యత తెలియాలంటే డబ్బా వెనక ఏపీఐ అన్న మాట పక్కన ఉన్న రెండు అక్షరాలు చూడాలి. ఏపీఐ అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్. పెట్రోల్ ఇంజన్ ఆయిళ్ళకు ఎస్‌తో, డీజిల్ ఆయిళ్ళకు సీతో మొదలయ్యే అక్షరాలు ఇస్తుంది. ఎస్ పక్కన ఉన్న అక్షరం ముందుకు వెళ్ళేకొద్దీ కొత్త ప్రమాణం. ఎస్ఎల్ 2001లో, ఎస్ఎమ్ 2004లో, ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో వచ్చాయి. పెట్రోల్ కార్లకు కొత్త అక్షరం పాతదాని స్థానంలో వాడుకోవచ్చు. పాతది కొత్తదాని స్థానంలో వాడకూడదు.

చవక డబ్బాల్లో మోసం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ముందువైపు పెద్ద అక్షరాలతో "సూపర్", "ప్రీమియం", "లాంగ్ లైఫ్" అని ఉంటుంది. వెనక తిప్పి చూస్తే ఎస్ఎఫ్ అని ఉంటుంది. ఎస్ఎఫ్ అంటే 1988 తర్వాత తయారైన చాలా పెట్రోల్ కార్లకు పనికిరాదని ఏపీఐయే చెప్పిన రకం. అది నకిలీ కాదు, చట్టవిరుద్ధమూ కాదు, పాత ఇంజన్లకు పోసుకోవచ్చు. కానీ 2015 స్విఫ్ట్‌కు పోస్తే మిగిలిన వంద రూపాయలకు విలువ ఉండదు. ఇంకో సంగతి. "ఏపీఐ ఎస్ఎన్‌కు సరిపోతుంది" అని కంపెనీ సొంతంగా రాసుకోవడం వేరు, ఏపీఐ లైసెన్సు తీసుకుని గుండ్రటి ముద్ర వేసుకోవడం వేరు. లైసెన్సు ఉన్న ఆయిళ్ళ జాబితా ఏపీఐ వెబ్‌సైట్లో ఎవరైనా వెతుక్కోవచ్చు. పేరున్న కంపెనీ విషయంలో ఇంత వెతకనక్కర్లేదు. ఎప్పుడూ వినని బ్రాండు సగం ధరకు వస్తే మాత్రం ఆ రెండు నిమిషాలు వెచ్చించాలి.

డీజిల్ కార్లలో పాత, కొత్త ఇంజన్లను వేరుగా చూడాలి. పాత ఇండికా, సుమో, క్వాలిస్, బొలెరో లాంటి బండ్లకు 15డబ్ల్యూ-40 గ్రేడులో సీహెచ్-4 లేదా సీఐ-4 ఆయిల్ చక్కగా పనిచేస్తుంది. లారీలకు, ట్రాక్టర్లకు కూడా అదే వాడతారు కాబట్టి పెద్ద డబ్బాల్లో చవకగా దొరుకుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. దానికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. డబ్బా మీద ఏసీఈఏ సీ2, సీ3 లాంటి గుర్తులు ఉంటాయి. వాటిలో మాన్యువల్ చెప్పినదే తీసుకోవాలి. లారీ ఆయిల్ పోస్తే ఆ బూడిద ఫిల్టరులో పేరుకుని కాలక్రమంలో మూసుకుపోతుంది. అది మార్చాలంటే ఎన్నేళ్ళ ఆయిల్ ఖర్చో ఒక్కసారి కట్టినట్టే. ఈ ఒక్క రకం కార్ల యజమానులు మాత్రం ఆయిల్ దగ్గర పొదుపు ఆలోచన పెట్టుకోకపోవడమే మంచిది.

మినరలా, సింథటిక్కా?

షాపుల్లో మూడు మాటలు వినిపిస్తాయి. మినరల్, సెమీ సింథటిక్, ఫుల్లీ సింథటిక్. ముడిచమురును శుద్ధి చేసి తీసింది మినరల్. ఇంకా లోతుగా శుద్ధి చేసో, రసాయనికంగా తయారుచేసో తీసింది సింథటిక్. రెండూ కలిపింది సెమీ. సింథటిక్ వేడికి త్వరగా పాడవదు, ఎక్కువ కాలం నిలుస్తుంది. అందులో అనుమానం లేదు.

అయితే "ఫుల్లీ సింథటిక్" అన్న మాటకు అన్ని దేశాల్లో ఒకే అర్థం లేదు. ముడిచమురు నుంచే బాగా శుద్ధి చేసి తీసిన గ్రూప్ 3 నూనెను సింథటిక్ అనవచ్చా అని రెండు పెద్ద కంపెనీల మధ్య అమెరికాలో గొడవ వచ్చింది. అనవచ్చని అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ 1999లో తేల్చింది. అప్పటి నుంచి చాలా దేశాల మార్కెట్లో ఆ మాట ధారాళంగా వాడుతున్నారు. గ్రూప్ 3 ఆయిల్ మంచిదే. కాకపోతే ఆ మాట ఒక్కటి చూసి రెట్టింపు ధర ఇవ్వనవసరం లేదు. గ్రేడు, ఏపీఐ అక్షరాలు మాన్యువల్‌కు సరిపోతే చాలు.

టర్బో ఉన్న ఇంజన్లకు, చిన్న సైజులో ఎక్కువ శక్తినిచ్చే డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజన్లకు మాత్రం సింథటిక్ ఖర్చు దండగ కాదు. టర్బో నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, దాని బేరింగును కాపాడేది ఆయిలే. ఎస్‌పీ ప్రమాణంలో ఇలాంటి ఇంజన్ల కోసమే ప్రత్యేక పరీక్షలు చేర్చారు. మామూలు పెట్రోల్ ఆల్టో, వ్యాగన్ఆర్, శాంట్రో లాంటి వాటికి మాన్యువల్ గ్రేడులో దొరికితే మినరల్, సెమీ సింథటిక్ అయినా ఇబ్బంది లేదు.

ధర లెక్క ఎలా వేయాలి?

లీటరు రేటు చూసి ఆయిల్ కొనడం బియ్యం బస్తా బరువు చూడకుండా కొన్నట్టే. చూడాల్సింది ఏడాదికి ఎంత అవుతుందని. రేట్లు ఊరిని బట్టి, షాపును బట్టి మారతాయి కాబట్టి కింది అంకెలు లెక్క తీరు చూపించడానికే.

మూడు లీటర్లు పట్టే చిన్న కారు ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. లీటరు 350 రూపాయల ఆయిల్ 5,000 కిలోమీటర్లకు మార్చాలంటే ఏడాదికి రెండుసార్లు, ఆరు లీటర్లు, 2,100 రూపాయలు. ఫిల్టరు 150 చొప్పున రెండు, మొత్తం 2,400. అదే లీటరు 550 రూపాయల ఆయిల్‌తో 10,000 కిలోమీటర్లు నడపవచ్చని మాన్యువల్ చెబితే మూడు లీటర్లకు 1,650, ఒక ఫిల్టరు 150, మొత్తం 1,800. ఖరీదైనదే ఆరు వందలు చవక అయింది. షెడ్డులో రెండోసారి ఇచ్చే కూలి కూడా మిగిలింది.

క్యాబ్ నడిపేవారికి ఈ లెక్క ఇంకా ముఖ్యం. రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగితే రెండు నెలలకే 10,000 అవుతుంది. ఏడాదికి ఆరు సార్లు ఆయిల్ మార్చాలి. మూడున్నర లీటర్ల కారులో లీటరుకు 150 రూపాయలు తగ్గినా ఏడాదికి 3,150 రూపాయలు మిగులుతాయి. అందుకే క్యాబ్ వాళ్ళు బ్రాండు పేరు కంటే సరైన గ్రేడులో చవకైన అసలు ఆయిల్ వెతకడంలో అర్థముంది. కానీ గడువు దాటించి మిగిల్చుకోవాలనుకుంటే మాత్రం అది తప్పు లెక్క.

అసలైన ఆయిల్ చవకగా దొరికే చోటు ఒకటి ఉంది, పెట్రోల్ బంకు. ఇండియన్ ఆయిల్ వారి సర్వో, భారత్ పెట్రోలియం వారి మ్యాక్, హిందుస్థాన్ పెట్రోలియం వారి హెచ్‌పీ ఆయిళ్ళు సీలు డబ్బాల్లో అక్కడే ఉంటాయి. ప్రభుత్వ రంగ కంపెనీలవి కాబట్టి ప్రకటనల హడావుడి తక్కువ, అదే ప్రమాణానికి విదేశీ బ్రాండ్ల కంటే ధర తరచుగా తక్కువ ఉంటుంది. కార్ల కంపెనీలు సొంత పేరుతో అమ్మే ఆయిల్ కూడా తరచుగా సరసమైన ధరకే వస్తుంది. దానికి షోరూములో సర్వీసు చేయించాల్సిన పని లేదు, స్పేర్ పార్టుల కౌంటరులో డబ్బా కొని సొంత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళవచ్చు. హైదరాబాద్‌లో రాణీగంజ్, పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్ లాంటి చోట్ల పెద్ద డీలర్లు ఎంఆర్‌పీ మీద తగ్గింపు ఇస్తారు. బేరం ఆడితే తప్పేమీ లేదు, బిల్లు మాత్రం తీసుకోవాలి. ఎంఆర్‌పీలోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. "బిల్లు కావాలంటే పన్ను అదనం" అన్న మాట వినాల్సిన పని లేదు.

ఒక్కో లీటరు సీసాలుగా కొంటే రేటు ఎక్కువ పడుతుంది. మూడు, మూడున్నర లీటర్ల డబ్బాలు చిన్న కార్ల కోసమే వస్తాయి. కొంత మిగిలితే మూత బిగించి నీడలో పెట్టుకుంటే తర్వాత మట్టం తగ్గినప్పుడు కలుపుకోవచ్చు. అత్యవసరంలో వేరే బ్రాండు అదే గ్రేడులో కలిపినా ప్రమాదం లేదు.

నకిలీ డబ్బా

పాడైన ఆయిల్‌ను వడగట్టి, రంగు తేల్చి, పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాల్లో నింపి అమ్మే దందా దేశంలో చాలా చోట్ల బయటపడింది. పైకి చూస్తే తేడా తెలియదు. వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి చెప్పేస్తామనేవారి మాట నమ్మదగింది కాదు. చూడాల్సింది మూత కింద సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, కంపెనీ ఇచ్చిన హోలోగ్రామ్ లేదా స్కాన్ కోడ్. డబ్బా మీద బ్యాచ్ నంబరు చెరిపినట్టు, లేబుల్ మళ్ళీ అతికించినట్టు కనబడితే వదిలేయాలి. మార్కెట్ రేటు కంటే మరీ తక్కువకు ఇస్తే అనుమానించాలి. పీపాలోంచి కొలిచి పోసే లూజు ఆయిల్‌కు ఏ ఆధారమూ ఉండదు, కారుకు అది వద్దు.

ఆయిల్ మార్చేటప్పుడు దగ్గర నిలబడి డబ్బా సీలు ఎదురుగానే తీయించుకోవాలి. పని అయ్యాక ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో రంధ్రం చేసి పడేయాలి. ఖాళీ డబ్బాలకు కూడా రేటుంది, ఆ డబ్బా మళ్ళీ నిండి ఇంకొకరి కారు దగ్గరికి వెళ్ళకుండా ఉంటుంది.

పొదుపు పేరుతో చేసే పొరపాట్లు

బైకుకు కొన్న ఆయిల్ మిగిలిందని కారుకు, కారుది మిగిలిందని బైకుకు పోయడం ఇళ్ళలో జరుగుతుంటుంది. బైకులో క్లచ్ కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటుంది. కారు ఆయిల్లో జారుడు పెంచే మందులు ఉంటాయి, వాటివల్ల క్లచ్ పట్టు తప్పవచ్చు. బైకుకు జాసో ఎంఏ గుర్తు ఉన్నదే పోయాలి.

ఆయిల్ మార్చి ఫిల్టరు పాతదే ఉంచడం ఇంకొకటి. నూట యాభై రూపాయల ఫిల్టరులో ఉన్న మురికి అంతా కొత్త ఆయిల్లో కలుస్తుంది. దీనికి భిన్నంగా, షెడ్డుల్లో తగిలించే "ఇంజన్ ఫ్లష్", "మైలేజీ పెంచే మందు" లాంటివి వేయకపోయినా ఏమీ కాదు. మంచి ఆయిల్లో శుభ్రం చేసే మందులు ముందే కలిపి ఉంటాయి. డబ్బులు అక్కడ మిగిల్చుకోవచ్చు.

డీజిల్ కారులో కొత్త ఆయిల్ పోసిన రెండు మూడు రోజులకే నల్లబడితే కంగారు పడనక్కర్లేదు, మసిని తనలో కలుపుకోవడమే దాని పని. కానీ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారితే నీళ్ళు చేరాయని అర్థం, వెంటనే చూపించాలి.

గల్ఫ్‌లో పనిచేసేవారి ఇళ్ళలో ఇంకో సమస్య కనబడుతుంది. కారు కొని ఇంట్లో పెట్టి వెళతారు, ఏడాదిన్నరలో మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. "తిరగని కారుకు ఆయిల్ ఎందుకు?" అని వదిలేస్తారు. బడికి, బజారుకు రెండు కిలోమీటర్ల ప్రయాణాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. తేమ, కాలని పెట్రోల్ ఆయిల్లో చేరి అక్కడే ఉండిపోతాయి. అందుకే మాన్యువల్లో కిలోమీటర్లతోపాటు "లేదా 12 నెలలు" అని రాస్తారు. ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి. దుమ్ము రోడ్లు, రోజంతా ట్రాఫిక్, పూర్తి లోడు ఉంటే గడువు ఇంకా తగ్గించమని కూడా అదే పేజీలో ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడు ఆయిల్ ఒక సాక్షి. అరిగిన ఇంజన్ శబ్దం, నీలి పొగ కనబడకుండా అమ్మే ముందు మరీ చిక్కటి ఆయిల్ పోసే అలవాటు కొందరికి ఉంది. బేరం కుదిరాక ఇంటికి తెచ్చి సరైన గ్రేడు పోయగానే అసలు సంగతి బయటపడుతుంది. చివరిసారి ఏ ఆయిల్ పోశారో బిల్లు చూపమని అడగాలి. పొద్దున్నే చల్లటి ఇంజన్‌ను తామే స్టార్ట్ చేసి చూడాలి. "వేడి చేసి ఉంచాం, రండి" అనే యజమానితో జాగ్రత్త.

వారంటీలో ఉన్న కారు సంగతి వేరు. స్పేర్ పార్టులు, సర్వీసును తమ డీలర్లకే పరిమితం చేశారని కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయట సర్వీసు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టకూడదని కూడా చెప్పింది. కంపెనీలు దానిపై అప్పీలుకు వెళ్ళాయి. ఆచరణలో క్లెయిము సమయంలో వాదన వస్తే కస్టమరే తిరగాల్సి వస్తుంది కాబట్టి, వారంటీ ఉన్నన్నాళ్ళు షోరూములోనే చేయించి కాగితాలు దాచుకోవడం నయం. బయట చేయిస్తే ఆయిల్ బిల్లు మీద గ్రేడు, కారు నంబరు, కిలోమీటర్లు రాయించుకోవాలి.

నెలకోసారి ఐదు నిమిషాలు

కారును చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపాక ఐదు పది నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీయాలి. మరక రెండు గీతల మధ్య ఉంటే సరే. కింది గీత దగ్గరుంటే కొద్దికొద్దిగా కలుపుతూ చూసుకోవాలి. పై గీత దాటిస్తే ఆయిల్ నురగ వస్తుంది, సీళ్ళు కారతాయి. ఎక్కువ పోస్తే మంచిదే కదా అనుకునేవారు చాలామందే ఉన్నారు. ఈద్‌కు ఇంటిల్లిపాదీ ఊరికి బయలుదేరేముందు టైర్ల గాలితోపాటు ఇది కూడా చూసుకోవాలి. దారిలో ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే "ఇంకో పది కిలోమీటర్లే" అనుకోకూడదు. పక్కకు ఆపి ఇంజన్ ఆపేయాలి. ప్రెషర్ లేకుండా నిమిషాలు నడిచినా బేరింగులు పోతాయి.

ఇంట్లోనే ఆయిల్ మార్చుకునేవారు తీసిన పాత ఆయిల్‌ను మోరీలో పోయకూడదు, చెట్ల మొదట్లోనూ పారబోయకూడదు. ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద దాన్ని అనుమతి ఉన్న రీసైక్లింగ్ వారికే ఇవ్వాలి. పాత డబ్బాలోనే నింపి సర్వీస్ సెంటర్‌లో ఇస్తే వాళ్ళ పీపాలో వేసుకుంటారు. చేతులకు అంటితే పెట్రోల్‌తో కాకుండా సబ్బుతో కడుక్కోవాలి. వాడిన ఆయిల్ పదేపదే చర్మానికి తగిలితే క్యాన్సర్ ముప్పు ఉంటుంది కాబట్టి, షెడ్డుల్లో పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళకు గ్లవ్స్ కొనివ్వడం ఉస్తాద్‌ల బాధ్యత.